ఆరని టెంటు, కాలిన వాసన

మా ఇంట్లో వారానికి రెండు రోజులు టెంటు తడుపుకొస్తాం, ఐదు రోజులు ఆరబెడతాం. క్యాంపింగ్ అంటే ఇంతే. మిగతాదంతా ఫొటోల కోసం.

మా ఆవిడకి అడవి పిచ్చి, నాకు అవెన్ పిచ్చి. పెళ్లిచూపుల్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఇద్దరం చెప్పుకోలేదు. శనివారం పొద్దున్నే ఆవిడ మమ్మల్ని ఏదో ఒక చెట్టు కిందికి తోలుకెళుతుంది. వారం మధ్యలో నేను ఏదో ఒక కేకు చేసి వాళ్ల చేత తినిపిస్తాను. లెక్క సరిపోయింది అనుకోవచ్చు. కానీ ఈ రెండు పిచ్చిలూ కాపురం చేసేది ఒకే వంటింట్లో. నా అప్పడాల కర్ర టెంటు మేకులు దిగ్గొట్టడానికి వెళ్లి ఒళ్లంతా సొట్టలతో తిరిగొచ్చింది. దానికి బదులు ఇప్పుడు మేకులు కొట్టే రబ్బరు సుత్తితో నేను బిస్కెట్లు పొడి కొట్టుకుంటున్నాను. నిజం చెప్పాలంటే సుత్తే నయం.

అవెన్ థర్మామీటరు సంగతి వేరే చెప్పాలి. అవెన్ నాబు 180 మీదకి తిప్పినంత మాత్రాన లోపల 180 ఉంటుందని నమ్మకూడదు. 160 ఉండొచ్చు, 200 ఉండొచ్చు, అది దాని ఇష్టం. అందుకే లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు కొనుక్కున్నాను. మొన్నొక ట్రిప్పులో, టెంటులో చలి ఎంతుందో చూద్దామని మావాడు దాన్ని పట్టుకొచ్చాడు. దాని అంకెలు మొదలయ్యేదే 50 దగ్గర. అర్ధరాత్రి నన్ను తట్టి లేపి, "నాన్నా, ముల్లు కదలట్లేదు. మనం పోయినట్టున్నాం" అన్నాడు. వాడికి పదకొండేళ్లు. ఆ థర్మామీటరు అప్పట్నుంచీ వాడి స్లీపింగ్ బ్యాగులోనే ఉంది.

ఇక అసలు విషయం. పోయిన ఆదివారం రాత్రి వానలో తడిసి ఇల్లు చేరాం. తడి టెంటుని అలాగే చుట్టి సంచిలో కుక్కితే ఒకటి రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆ వాసన ఇక జన్మలో పోదు. కాబట్టి దాన్ని పరిచి ఆరబెట్టాలి. బయట వాన. ఇంట్లో నలుగురు పట్టే టెంటు పరవాలంటే ముగ్గురం బయటికి వెళ్లాలి. చివరికి మా ఆవిడ హాల్లో కుర్చీల మీద సగం వేసి, మిగతా సగం ఫ్యానుకి కట్టింది. సోమవారం పొద్దున మావాడు నిద్రకళ్లతో వచ్చి అలవాటుగా ఫ్యాను స్విచ్చి వేశాడు. టెంటు రెండు చుట్లు తిరిగింది. రెండో చుట్టులో నా కాఫీ కప్పు కూడా తిరిగింది.

స్లీపింగ్ బ్యాగులు తలుపుల మీద వేలాడుతున్నాయి. వాటిని మళ్లీ చుట్టి సంచిలో బిగించి పెడితే లోపలి దూది అణిగిపోయి వెచ్చదనం పోతుందట, కాబట్టి వదులుగా వేలాడదీయాలట. రాత్రి మంచినీళ్లకి లేచిన ప్రతిసారీ ముగ్గురు మనుషులు ఉరేసుకున్నట్టు కనిపించి గుండె ఆగినంత పనవుతోంది.

ఆ సోమవారమే మా అత్తగారు ఫోన్ చేశారు. ప్రతి సోమవారం చేస్తారు, ఒకటే ప్రశ్న అడుగుతారు. "బాబుకి నేను అల్లిన సాక్సులు వెచ్చగా ఉంటున్నాయా?" ఆవిడ మా ముగ్గురికీ స్వయంగా ఊలు సాక్సులు అల్లి పంపారు. బూడిద రంగు మీద ఎర్ర గీత. రెండు నెలలు పట్టిందట. "చాలా వెచ్చగా ఉన్నాయి అత్తయ్య గారూ" అన్నాను. అప్పటికి అవి నానిపోయి బకెట్లో ఉన్నాయి. "అయితే గురువారం వస్తున్నా. నా పుట్టినరోజు కదా, మీ చేతి కేకు తినాలని ఉంది" అన్నారు.

అల్లుడి చేతి కేకు అత్తగారు అడిగి మరీ తినడమంటే మామూలు విషయం కాదు. నేను చీజ్ కేక్ అని ప్రకటించాను. మా ఆవిడ, "మామూలు కేకు చేయకూడదా?" అంది. ఆ మాటతో నా పట్టుదల ఇంకా పెరిగింది.

చీజ్ కేక్‌లో కష్టం చేయడంలో ఉండదు, ఓపికలో ఉంటుంది. 600 గ్రాముల క్రీమ్ చీజ్ ముందే బయటపెట్టి మెత్తబడనివ్వాలి. తొందరపడి ఫ్రిజ్‌లోంచి తీసిందే కలిపితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత ఏం చేసినా పోవు. 150 గ్రాముల చక్కెర, 150 మిల్లీలీటర్ల క్రీమ్, చివర్లో మూడు గుడ్లు. గుడ్లు పడ్డాక గిలకొట్టకూడదు, నెమ్మదిగా కలపాలి. గాలి ఎక్కువ చేరితే అవెన్లో ఉబ్బి, బయటికి రాగానే కుంగి, నడిమధ్యన నెర్రె పడుతుంది. ఇదంతా బుధవారం రాత్రి ఎనిమిదింటికి ఎంతో నిష్ఠగా చేశాను.

చిక్కు టిన్ను దగ్గర వచ్చింది. పక్కలు ఊడొచ్చే ఆ టిన్ను అడుగు పళ్లేన్ని మావాడు నెల కిందట చెరువు గట్టున ఎగరేసి ఆడుకున్నాడు. అది ఇప్పుడు కొద్దిగా వంకర. ఈ కేకేమో నీళ్ల ట్రేలో కూర్చోబెట్టి కాల్చాలి. నీళ్లు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటవు కాబట్టి అంచులు మాడకుండా కేకు మెత్తగా ఉడుకుతుంది. టిన్ను కారితే మాత్రం అడుగున ఉన్న బిస్కెట్ పొర గంజి అవుతుంది. అందుకని టిన్ను చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టాలి. ఫాయిల్ రోలు తెరిస్తే లోపల అట్టగొట్టం మాత్రమే ఉంది. ఫాయిలంతా ఆదివారం నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపలకి అయిపోయింది.

సరిగ్గా అప్పుడు క్యాంపింగ్ సంచిలోంచి తళతళలాడుతూ వెండిరంగు దుప్పటి కనిపించింది. చలికి ఆపద్ధర్మంగా కప్పుకునే పల్చటి దుప్పటి ఉంటుంది చూడండి, అది. కత్తెర కూడా తీశాను. మా ఆవిడ చూసి, "ఏవండీ, అది ఫాయిల్ కాదు, ప్లాస్టిక్! పైన మెరుపు మాత్రమే అల్యూమినియం. మా అమ్మకి ప్లాస్టిక్ పెడతారా?" అంది. నా మనసులో ఏ దురుద్దేశమూ లేదని ఇక్కడ మళ్లీ మనవి చేసుకుంటున్నాను. చివరికి కేకు టిన్నుని కొంచెం పెద్ద గిన్నెలో దించి, ఆ గిన్నెని నీళ్లలో పెట్టాలని నిర్ణయించాం. అవెన్ 180కి తిప్పాను. ముందు బాగా వేడెక్కనిచ్చి, కేకు పెట్టేటప్పుడు 160కి తగ్గించడం నా పద్ధతి.

అవెన్ వేసేముందు ఒకసారి తలుపు తీసి లోపలికి తొంగి చూడాలి. ఈ ముక్క మొదటి రోజు అవెన్ కొన్నవాడికి కూడా తెలుసు. నాకు పదేళ్ల అనుభవం ఉంది కాబట్టి చూడలేదు.

పదిహేను నిమిషాలకి ఎక్కడో జుట్టు కాలుతున్న వాసన మొదలైంది. నేను వెంటనే నా తల తడుముకున్నాను. ఉన్నవే కొన్ని కాబట్టి అన్నీ భద్రంగా ఉన్నాయని త్వరగానే తేలింది. మా ఆవిడ జడ చూసుకుంది. తర్వాత ఇద్దరం మావాడి తల వాసన చూశాం. వాడు హోంవర్క్ లోంచి తలెత్తకుండా, "నాది కాదు" అన్నాడు. వాసన ముదిరింది. ఫోన్ చార్జర్లు పీకాం. ఫ్యాను ఆపాం. మా ఆవిడ కిటికీలోంచి పక్కింటి వైపు అనుమానంగా చూసింది.

ఇంతలో మావాడు పెన్ను కిందపెట్టి, చాలా నెమ్మదిగా, "నాన్నా, అవెన్ వేశావా?" అని అడిగాడు.

తలుపు తీశాను. పొగ ముందు వచ్చింది, దాని వెనకాల కన్నీళ్లు వచ్చాయి. పై జాలీ మీద, పై కాయిల్‌కి జానెడు దూరంలో, మూడు జతల ఊలు సాక్సులు వరసగా పడుకుని ఉన్నాయి. బూడిద రంగు కాస్తా గోధుమ రంగుకి, అక్కడక్కడా నలుపుకి తిరిగింది. ఎర్ర గీత మాత్రం అలాగే ఉంది. పట్టకారుతో ఒకదాన్ని ఎత్తితే బొటనవేలు ఉండాల్సిన చోటు విరిగి ట్రేలో పడింది. టక్‌మని చప్పుడు వచ్చింది. సాక్సు విరగడం మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను.

"అమ్మే కదా, ఇంట్లో తడి లేని చోటు చూసి ఆరబెట్టమంది" అన్నాడు మావాడు. న్యాయంగా చూస్తే ఆ వారం మా ఇంట్లో తడి లేని చోటు అదొక్కటే.

ఊలు గొర్రె వెంట్రుకే కదా, మన జుట్టూ అదీ తయారయ్యేది కెరాటిన్‌తోనే. అందుకే ఆ వాసన. గబుక్కున మంట అంటుకోదు, అదొక్కటే మా అదృష్టం. కానీ ఇల్లంతా పట్టేసింది. ఆ అవెన్లో ఆ రాత్రి కేకు పెడితే ఏ వాసనతో బయటికొస్తుందో చెప్పక్కర్లేదు. గిన్నెలో పిండి రెడీగా ఉంది. సోడా వేసే కేకైతే అప్పటికే పొంగు చచ్చిపోయి ఉండేది. చీజ్ కేక్‌లో అలాంటివి పడవు కాబట్టి ఓపిగ్గా కూర్చుంది. ఆ ఓపిక నాకు లేదు. నేను నేలమీద చతికిలబడ్డాను.

అప్పుడు మా ఆవిడ కళ్లల్లో ఆ మెరుపు చూశాను. శుక్రవారం రాత్రుళ్లు మాత్రమే కనిపించే మెరుపు.

"డాబా మీద చేద్దాం. ఇనప కుండ ఉందిగా."

డచ్ అవెన్ అంటారు, దళసరి పోత ఇనుముతో చేసిన కుండ. మూత మీద నిప్పులు పోయడానికి చుట్టూ గట్టు ఉంటుంది. మాది 12 అంగుళాలది. కుండ ఎన్ని అంగుళాలో దానికి రెట్టింపు బొగ్గులు కావాలన్నది ఆవిడ లెక్క. అంటే 24. కేకు కాబట్టి పైన 16, కింద 8. పావుగంటకోసారి కుండని ఒకవైపు, మూతని రెండోవైపు పావు చుట్టు తిప్పాలి, లేకపోతే ఒక పక్కే మాడుతుంది. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. మూడేళ్లుగా నిప్పుల దగ్గర ఈవిడ చేస్తున్నది బేకింగే అన్నమాట. నాకెవరూ చెప్పలేదు.

వాన తగ్గింది. డాబా మీద ఇటుకలు పేర్చి, కుండలో నీళ్లు పోసి, అడుగున చిన్న ఇనప స్టాండు పెట్టి, దానిమీద టిన్ను దించాం. చుట్టడానికి ఏదీ లేక టిన్ను అలాగే దిగింది. కారితే కారనీ అనుకునే స్థితికి నేను అప్పటికే వచ్చేశాను. ముగ్గురం తలలకి హెడ్‌లైట్లు పెట్టుకుని కుండ చుట్టూ కూర్చున్నాం. ఎదురింటాయన సిగరెట్‌కి బాల్కనీలోకి వచ్చి, మమ్మల్ని చూసి, వెలిగించకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

ఊరికే కూర్చోవడం ఎందుకని మా ఆవిడ టెంటు కూడా పైకి తెచ్చి వేసేసింది. ఎలాగూ ఆరాలి కదా అంది.

గంట దాటాక మూత ఎత్తాను. చీజ్ కేక్ అంచులు గట్టిపడి, మధ్యలో కొంచెం తొణకాలి. అప్పుడే దించాలి, పూర్తిగా బిగిసేదాకా ఉంచితే పగులుతుంది. హెడ్‌లైటు వెలుగులో చూశాను. అంచులు గట్టిగా, మధ్యలో సన్నటి తొణుకు. ఒక్క పగులు లేదు. పదేళ్లలో నా అవెన్లో ఒక్కసారి కూడా ఇలా రాలేదు. ఆనందం పట్టలేక, "చూశారా!" అని వాళ్లకి చూపిద్దామని మూత పక్కకి వంచాను.

మూత మీద బూడిద ఉంటుంది కదా.

ఓ చెంచాడు పడింది, సరిగ్గా నడిమధ్యన. మావాడు వెంటనే ఉఫ్‌మని ఊదాడు. ఇప్పుడు కేకంతా సమానంగా పరుచుకుంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. మా ఆవిడ కిందికి వెళ్లి కోకో పొడి డబ్బా, టీ వడకట్టే జల్లెడ పట్టుకొచ్చింది. ఎంత బూడిద తీయగలమో అంత చెంచాతో గీకేసి, మిగిలిన దానిమీద దట్టంగా కోకో జల్లాం.

కేకు చల్లబడేసరికి ఒంటిగంట. ఫ్రిజ్‌లో పెట్టడానికి కిందికి వెళితే ఇల్లంతా ఇంకా కాలిన జుట్టు వాసనే. ఆ వాసనలో పడుకోలేక మళ్లీ పైకెక్కి ముగ్గురం టెంటులో దూరాం. బుధవారం రాత్రి, సొంత డాబా మీద.

పొద్దున్నే టెంటు జిప్పు సర్రున తెరుచుకుంది. సంచి భుజాన వేసుకుని అత్తగారు వంగి చూస్తున్నారు.

"అల్లుడు గారూ, ఇల్లు ఖాళీ చేయమన్నారా?"

కేకు పదకొండింటికి కోశాం. ఆవిడ మొదటి ముక్క మాట్లాడకుండా తిన్నారు. రెండోది అడిగి పెట్టించుకున్నారు. "ఏదో సన్నగా పొగ వాసన వస్తోంది. బాగుంది. ఏం వేశారు?" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఏరా, ఆ సాక్సులు ఓసారి పట్రా. కొలత చూసుకుని ఇంకో జత మొదలుపెడతా" అన్నారు మనవడితో.

వాడు స్పూను నాకుతూ, "లేవు అమ్మమ్మా. నాన్న బేక్ చేసేశాడు" అన్నాడు.

అత్తగారు ప్లేటు బల్ల మీద పెట్టారు. నా ముఖంలోకి చూశారు, ప్లేటులో మిగిలిన ముక్క వైపు చూశారు, మళ్లీ నా ముఖంలోకి చూశారు.

"ఎన్ని డిగ్రీల దగ్గర, అల్లుడు గారూ?"