గుమ్మంలో నిలబడే లోడ్ బ్యాలెన్సర్ గారికి

అయ్యా,

రాత్రి రెండుంబావుకి ఫోన్ మోగితే లేచి రాస్తున్నాను. మీరు క్షేమమేనని తెలుసు. మీ డ్యాష్‌బోర్డులో మూడు సర్వర్లూ పచ్చగా ఉన్నాయి. ఎర్రబడింది కస్టమర్ల మొహాలే.

వచ్చిన రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచడమే మీ ఉద్యోగం. మిమ్మల్ని చూస్తే పెళ్లిభోజనాల దగ్గర నిలబడే బాబాయి గుర్తొస్తాడు. వండరు, వడ్డించరు. "నువ్వు ఈ బంతికి, నువ్వు ఆ బంతికి" అంటారంతే. మొదట్లో రౌండ్ రాబిన్ అని వంతులేసి పంపారు. ఒకడికి లాగిన్ పేజీ చాలు, ఇంకొకడు ఏడాది లెక్కలన్నీ రిపోర్టుగా తీయమంటాడు. మీ లెక్కలో రెండూ ఒక్కొక్క రిక్వెస్టే.

తర్వాత, లాగిన్ అయినవాడు మళ్లీ అదే సర్వర్‌కి రావాలని మిమ్మల్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజిన్ ఎక్స్‌లో ఐపీ హ్యాష్ పెట్టాం, అంటే వచ్చినవాడి ఐపీ (నెట్) అడ్రసు చూసి సర్వర్ ఖాయం చేయడం. ఐపీవీ4 అడ్రసులోని నాలుగు భాగాల్లో మొదటి మూడే చూస్తారట. మాన్యువల్‌లో ఉంది, మేం చదవలేదు. వరస అడ్రసులున్న కస్టమర్ ఆఫీసంతా ఒకే సర్వర్ నెత్తికెక్కింది. మిగతా రెండూ ఈగలు తోలుకున్నాయి.

అప్పుడు 'లీస్ట్ కనెక్షన్స్'కి మారాం. ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్లకి పంపడం. వినడానికి ధర్మంగానే ఉంది. నిన్న రాత్రి డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, మూడో సర్వర్‌లో మార్చడం మరిచారు (ఎవరన్నది తర్వాత). అది వచ్చిన రిక్వెస్టుని వచ్చినట్టే, రెప్పపాటులో, 500 (లోపల ఏదో చెడింది) అని తిప్పికొడుతోంది. మిగతా రెండూ ఒక్కో రిక్వెస్టుకి సెకను సేపు చెమటోడుస్తున్నాయి. మీకు కనిపించిందేమిటి? మూడోవాడి చేతులు ఎప్పుడు చూసినా ఖాళీ. ఆహా, ఎంత చురుకైనవాడని ఊళ్లోవాళ్లందర్నీ వాడి మీదికే తోలారు. మూడింట ఒక వంతు పోవాల్సింది, దాదాపు అంతా పోయింది. మా ఆఫీసులో పనిచేసేవాడికే పని పెరుగుతుంది. మీ దగ్గర ఎగ్గొట్టేవాడికి పెరుగుతుంది. ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను.

హెల్త్ చెక్ చేశానంటారు. నిజమే, ఐదు సెకన్లకోసారి తలుపు తట్టి "బాగున్నావా?" అన్నారు, వాడు అందుకోసమే రాసిపెట్టిన పేజీలోంచి "200, ఓకే" అన్నాడు. అన్నం ఉడికిందా అని మాత్రం అడగలేదు. పోనీ ఆ పేజీలోనే డేటాబేస్‌నీ పలకరిద్దామంటే, అది ఒక్కసారి తుమ్మగానే మూడు సర్వర్లనీ కలిపి గెంటేసి, వాకిట్లో 502 (లోపల పలికే సర్వర్ లేదు) బోర్డు తగిలిస్తారు. మీతో కాపురం ఇలాగే ఉంటుంది.

ఇట్లు,
ఈ వారం ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్న మీ సేవకుడు

తా.క.: ఏం అడిగినా 'ఓకే' అనే ఆ పేజీ రాసింది నేనే. పాస్‌వర్డ్ సంగతీ అంతే. పదింటి మీటింగులో తప్పంతా మీదేనని చెబుతాను, జరిగిందంతా రాసుకున్న మీ లాగ్ ఫైళ్లు మాత్రం బయటపెట్టకండి.