లుక్ అంటే చూచుట అని రాయించడం ఇకనైనా ఆపండి

ఇంగ్లీషు చెప్పే టీచర్లకీ, పిల్లల్ని ఇంటి దగ్గర కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నలకీ ఈ పోస్టు. సీ అంటే చూచుట, లుక్ అంటే చూచుట, వాచ్ అంటే చూచుట అని నోటుబుక్కులో వరసగా రాయించి, కుడిపక్క అర్థం సరిపోయిందని టిక్కు పెట్టేసి, రేపు డిక్టేషన్ అంటున్నారు చూడండి, అక్కడే పిల్లకి సగం ఇంగ్లీషు పోతోంది. మూడు మాటలకీ అర్థం ఒక్కటే అయితే మూడు ఎందుకున్నాయి అన్న అనుమానం ఆ వయసు పిల్లకి తప్పకుండా వస్తుంది. ఆ అనుమానానికి జవాబు చెప్పడమే ఇంగ్లీషు చెప్పడం. మిగతాది కాపీ రాయించడం.

మా అక్క కూతురు ఆరో తరగతి. ఆదివారం ఏం చేశావని క్లాసులో అడిగితే 'ఐ వాజ్ సీయింగ్ టీవీ' అంది. టీచరు ఆ ముక్కని పైకి అని చూపించి క్లాసంతా నవ్వేలా చేసింది, ఎందుకు తప్పో మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఇంగ్లీషు పీరియడ్ అంటే టెన్షన్ పడుతోంది. నాకు చాలా కోపం వచ్చింది. ఎందుకంటే ఆ పిల్ల బుర్ర పెట్టే ఆ వాక్యం కట్టింది. తెలుగులో మనం టీవీ చూస్తాం, సినిమా చూస్తాం, గోడ మీద బల్లినీ చూస్తాం, అన్నిటికీ 'చూడు' ఒక్కటే సరిపోతుంది. సీ అంటే చూచుట అని రాయించింది మీరే కదా. మీరిచ్చిన అర్థాన్నే నమ్మి వాడిన పిల్లని మీరే నవ్వులపాలు చేస్తే ఎలా?

అసలు తేడా చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. కళ్ళు తెరిచి ఉంటే దానంతట అది కంటపడేది సీ, అందుకే అది చాలాసార్లు మన 'కనిపించు'కే దగ్గరగా ఉంటుంది. కావాలని చూపు అటు తిప్పితే లుక్. కదిలేదాన్నో మారేదాన్నో కాసేపు కనిపెట్టుకుని కూర్చుంటే వాచ్. ఈ వాచ్ అనే మాటకీ మేలుకోవడం అనే అర్థమున్న వేక్ కీ పాత ఇంగ్లీషులో మూలం ఒకటే, రాత్రంతా మేలుకుని కాపలా కాసేవాడు కాబట్టే వాచ్‌మన్. ఇది చెప్పండి, టీవీకి వాచ్ ఎందుకో ఏ పిల్లకైనా వెంటనే అర్థమవుతుంది. సినిమాకి సీ వాడినా తప్పు కాదని కూడా అప్పుడే చెప్పెయ్యండి, లేకపోతే ఇంకో భయం పట్టుకుంటుంది.

ఇక లుక్ సంగతి. దీని దగ్గరే 'చూచుట' పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఎందుకంటే ఇంగ్లీషులో ఈ మాట చూసేవాడి వైపు నుంచీ నడుస్తుంది, కనబడేవాడి వైపు నుంచీ నడుస్తుంది. 'షీ లుక్డ్ ఎట్ మీ' అంటే ఆమె నన్ను చూసింది. 'షీ లుక్స్ టైర్డ్' అంటే ఆమె ఎవర్నీ చూడ్డం లేదు, ఆమె అలిసిపోయినట్టు మనకి కనిపిస్తోంది. మనం ఈ రెంటికీ రెండు క్రియలు పెట్టుకున్నాం, చూడు, కనిపించు అని. వాళ్ళు ఒక్కదానితోనే లాగిస్తున్నారు. గుడ్ లుకింగ్ అంటే బాగా చూసేవాడు కాదు, చూడ్డానికి బాగుండేవాడు. 'ఇట్ లుక్స్ లైక్ రెయిన్' అంటే వాన వచ్చేలా ఉంది. 'హీ లుక్స్ లైక్ హిజ్ ఫాదర్' అంటే వాళ్ళ నాన్న పోలిక. ఈ వాక్యాల్లో ఎక్కడ పెడతారు మీ చూచుటని?

వ్యాకరణం కూడా దీని మీదే ఆధారపడి ఉంది. పోటీ పరీక్షలకి కూర్చునే పిల్లలు 'షీ లుక్స్ బ్యూటిఫుల్' కరెక్టా, 'బ్యూటిఫుల్లీ' కరెక్టా అన్నచోట తడబడుతుంటారు. క్రియ పక్కన క్రియావిశేషణం రావాలి అని బట్టీపట్టారు కాబట్టి బ్యూటిఫుల్లీ మీద గీత పెట్టేస్తారు. ఇక్కడ లుక్ పని చెప్పడం లేదు, మనిషి ఎలా ఉందో చెబుతోంది, కాబట్టి విశేషణమే రావాలి. అదే 'హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ' అంటే కోపంగా చూశాడు, అక్కడ అది నిజంగా చేసిన పని, కాబట్టి యాంగ్రిలీ. కనిపించడమా చూడ్డమా అని తెలుగులో ఒక్కసారి అడిగి చూసుకుంటే జవాబు వచ్చేస్తుంది. తెలుగు ఇక్కడ అడ్డం కాదు, మంచి ఆధారం. క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది నాకు.

ఇంకో మాట. ఇదే పిల్లలు బయట ఎలా మాట్లాడుకుంటున్నారో వినండి. 'కొత్త పోస్టర్‌లో హీరో లుక్ అదిరింది' అంటారు, అది రూపం. 'ఓ లుక్కేసి ఇచ్చెయ్' అంటారు, అది అలా ఒకసారి చూడ్డం. 'ఏంట్రా ఆ లుక్కు?' అంటారు, అది చూపులో ఉన్న కోపమో వెటకారమో. మూడు వేరు వేరు అర్థాలు, ఎక్కడా పొరపాటు పడరు, ఎవరూ నేర్పలేదు. బయట ఇంత సులువుగా వాడేవాళ్ళు క్లాసులోకి రాగానే నోరు కట్టేసుకుంటున్నారంటే లోపం పిల్లల్లో లేదు.

పక్కన చిన్న మాట చేరితే అర్థం మారే క్రియల జాబితాలదీ ఇదే కథ. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఇంటూ, లుక్ అప్ టు, లుక్ డౌన్ ఆన్... బ్యాంకు పరీక్షలకీ ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకీ ఇవన్నీ పేజీల కొద్దీ బట్టీ. మన భాషలో ఇలాంటివి లేవా? 'వాళ్ళమ్మని ఎవరు చూసుకుంటున్నారు?' అంటే లుక్ ఆఫ్టర్ కాదా? సంబంధాలు చూస్తున్నారు అంటే లుక్ ఫర్ కాదా? చిన్నచూపు అనే మాటలో లుక్ డౌన్ ఆన్ మొత్తం లేదా? ఇంగ్లీషువాడూ మనమూ ఒకరినొకరు అడక్కుండానే చులకనని పైనుంచి కిందికి పడే చూపుగా, తగ్గించే చూపుగా ఊహించుకున్నాం, ఇది తలుచుకుంటే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. రుచి చూడు, చెయ్యి చూడు, అడిగి చూడు, చూసీ చూడనట్టు ఉండు... ఒక్క 'చూడు'తో ఇన్ని పనులు చేయించే పిల్లకి లుక్ ఎందుకు కష్టం కావాలి? కష్టం చేసింది జాబితా.

ఇవి పరీక్షకి మాత్రమే పనికొచ్చేవి కూడా కావు. నర్సింగ్ చదివి విదేశాలకి వెళ్ళే అమ్మాయిలకి పేషెంటుని లుక్ ఎట్ చెయ్యమంటే ఒక పని, లుక్ ఆఫ్టర్ చెయ్యమంటే షిఫ్టు అయ్యేదాకా బాధ్యత. ఉద్యోగానికి మెయిల్ రాసేవాళ్ళు చివర్లో 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని పెడుతుంటారు. మీటింగ్ యు అని ఉండాలి, ఎందుకంటే ఆ టు తర్వాత నామవాచకం లాంటిది రావాలి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఇంటర్వ్యూ' అని పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. పేపర్లో లుకౌట్ నోటీసు అని చదువుతుంటాం, ఒక మనిషి దేశం దాటిపోకుండా ఎయిర్‌పోర్టుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళని కనిపెట్టి ఉండమని చెప్పడం అది. అదే మాట 'లుకౌట్!' అని అరిస్తే 'జాగ్రత్త!' అని. ఓవర్‌లుక్ ఇంకా విచిత్రం, హోటల్ గది సముద్రాన్ని ఓవర్‌లుక్ చేస్తే అక్కణ్ణుంచి సముద్రమంతా కనిపిస్తుందని, ఆఫీసులో మీ అర్జీని ఓవర్‌లుక్ చేస్తే అసలు చూడలేదని.

పెద్ద క్లాసుల వాళ్ళకైతే నేను లుక్ ఈస్ట్ గురించి చెబుతాను. మన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా 1990ల మొదట్లో ఆగ్నేయాసియా దేశాలతో వ్యాపారం, స్నేహం పెంచుకోవాలని మొదలుపెట్టిన విధానానికి వచ్చిన పేరు అది. దాన్ని తూర్పును చూచుట అని రాస్తే ఏమన్నా అర్థమవుతుందా? అంతవరకూ ఎక్కువగా వేరే వైపు ఉన్న మన దృష్టిని కావాలని ఇటు తిప్పడం అని దాని భావం. 2014లో మోదీ ప్రభుత్వం దాన్ని యాక్ట్ ఈస్ట్ అని మార్చింది. లుక్ అంటే దృష్టి పెట్టడం వరకే, పని చెయ్యడం ఇంకా మిగిలే ఉంటుంది, ఆ తేడా తెలిస్తేనే పేరు ఎందుకు మార్చారో తెలుస్తుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల పిల్లలకి ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. నాకు అవి చాలా నచ్చాయి. వాటిని అర్థాలు కాపీ కొట్టే పుస్తకాలుగా చెయ్యకండి, దయచేసి. ఇంగ్లీషు పేజీలో లుక్ వచ్చిన ప్రతిచోటా ఎదురుగా తెలుగులో ఏమొచ్చిందో వెతకమనండి. ఒకచోట చూడు ఉంటుంది, ఒకచోట కనిపించు, ఒకచోట అనిపించు, ఇంకోచోట వెతుకు. అవి పిల్లలే పట్టుకుని పలక మీదో బోర్డు మీదో రాయాలి. అర్థాల నోటుబుక్కులో లుక్ పక్కన ఒక మాట బదులు ఒక పేజీ ఖాళీ వదలండి, ఏడాది పొడుగునా కొత్త వాక్యం దొరికినప్పుడల్లా రాసుకుంటారు.

మా అక్క కూతురి టీచరుగారూ, మీరు ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నా. ఈసారి ఏ పిల్లైనా సీయింగ్ టీవీ అంటే, 'ఓ, వాట్ డిడ్ యు వాచ్?' అని మామూలుగా అడగండి. ఆ పిల్ల 'ఐ వాచ్డ్...' అని మొదలుపెడుతుంది.