బువ్వ చల్లారినా సరే, డేటా వేడిగా ఉండాలి

నేను డేటా పక్షపాతిని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నన్నెవరూ అనుమానించరు.

మా ఊరి బడి కమిటీలో నేనొక సభ్యుణ్ణి. మధ్యాహ్నం వంటగది ముందు నిలబడి, అరచేతిలో ఇంత అన్నం, ఇంత పప్పు వేయించుకుని, కళ్ళు మూసుకుని నమిలి, రిజిస్టరులో ‘బాగున్నది’ అని రాసి సంతకం పెట్టే బాధ్యత నాది. పిలకాయలకు వడ్డించే ముందు పెద్దవాళ్ళు రుచి చూడాలని నిబంధన. ఉప్పు తక్కువైన రోజు కూడా ‘బాగున్నది’ అనే రాశాను. ‘ఉప్పు తక్కువ’ అని రాస్తే దానికి సంజాయిషీ రాసేందుకు హెడ్మాస్టరుకు ఒక పూట పడుతుంది. చిటికెడు ఉప్పు పడేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని ఉప్పు వేయించి, కలియబెట్టించి, ‘బాగున్నది’ అన్నాను. ఆ రిజిస్టరు మొదటి పేజీ నుంచీ ఆ ఒక్క మాటే ఉంది. ఇంత నిలకడైన డేటా ఇస్రో దగ్గర కూడా ఉండదు.

మాది ఉదయగిరికీ కందుకూరుకీ మధ్య మెట్టలో ఒక ఊరు. పేరు చెప్పను, చెప్తే బడికి నోటీసు వస్తుంది. బడికి ఒకడే అయ్యవారు. ఆయనే హెడ్మాస్టరు, ఆయనే గుమాస్తా, పన్నెండు దాటితే ఆయనే ఫొటోగ్రాఫరు. పిలకాయలు వరండాలో బారుగా కూర్చుంటారు. కంచాల్లో అన్నం పడుతుంది, పక్కన గుడ్డు పడుతుంది. అప్పుడు ఆయన చెయ్యెత్తి, “ఎవురూ ముట్టుకోబాకండి” అంటాడు. పైవాళ్ళ యాప్‌లోకి ఎక్కించడానికి ఫొటో కావాలి. అందులో గుడ్లన్నీ కనపడాలి, మొహాలన్నీ నవ్వాలి. ఆకలి మీద ఉన్న రెండో తరగతి పిల్లాడు నవ్వడం ఎంత కష్టమో ఎవరైనా కొలిచారో లేదో.

ఫొటో తీశాక సిగ్నలు కోసం ఆయన మేడ మీది నీళ్ళ ట్యాంకు పక్కకు పోతాడు. కింద నుంచి పిలకాయలు తలలెత్తి, “ఎక్కిందా సార్?” అని అరుస్తారు. “తిరగతా ఉందిరా” అని పైనుంచి జవాబు. ఈగలు మాత్రం యాప్‌తో పనిలేకుండా మొదలుపెట్టేస్తాయి. చివరికి “ఎక్కింది!” అన్న కేక వినపడగానే చేతులన్నీ ఒక్కసారి కంచాల్లోకి దిగుతాయి. అన్నం ముట్టుకునే ముందు గోవిందా అనే ఇళ్ళున్నాయి, బిస్మిల్లా అనే ఇళ్ళున్నాయి. మా బళ్ళో అన్ని కులాలకూ మతాలకూ ఒకటే మంత్రం: ఎక్కింది.

ఇది చూసి నవ్వేవాళ్ళకు చరిత్ర తెలియదు. బళ్ళో అన్నం పెట్టడం 1920ల్లోనే మద్రాసు కార్పొరేషను బళ్ళలో మొదలైంది. అప్పట్లో నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రమే కాబట్టి ఆ పుణ్యంలో మనకూ వాటా ఉందని నా వాదన. మనం 1953లో విడిపోయి ఇటొచ్చాం. అక్కడి ముఖ్యమంత్రి కామరాజు 1956లో రాష్ట్రమంతా అన్నం పెట్టించారు. తొందరపడ్డాం. కేంద్రం తన పథకాన్ని 1995 ఆగస్టు 15న మొదలెట్టింది. అయితే చాలా రాష్ట్రాల్లో వండిన అన్నం కాదు, నెలకు 3 కిలోల గింజలు, అదీ 80 శాతం హాజరున్న పిల్లలకు. అంటే ఈ పథకంలో అన్నం కన్నా ముందు శాతం పుట్టింది. ఇది చాలామంది గమనించరు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ‘గింజలు కాదు, వండి పెట్టండి’ అనాల్సొచ్చింది. మన రాష్ట్రంలో పొయ్యి వెలిగింది 2003లో. ఆ తర్వాత 2020లో గోరుముద్ద అయింది, 2021లో ఢిల్లీలో పోషణ్ అయింది, 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు వచ్చింది. పథకంలో ఏ సంస్కరణ ఆలస్యమైనా పేరు మాత్రం వేళకు మారుతూ వస్తోంది.

పేరు మాత్రం మంచిదే పెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. లంకల గన్నవరంలో ఆ తల్లి వచ్చినవాళ్ళకు వచ్చినట్టు వడ్డించింది. వేళ లేదు, లెక్క లేదు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం కోసం ఆమె ఫొటో కావాలని అధికారి వస్తే ఆమె వద్దందనీ, ఫొటో పంపకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని ఆయన బతిమాలితే సరేనందనీ గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గానీ మా హెడ్మాస్టరు ట్యాంకు పక్కన ఫోను పైకెత్తి పట్టుకున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. అన్నం పెట్టేదాకా ఒక ఎత్తు, ఫొటో లేకపోతే ఎవరి ఉద్యోగమో పోవడం ఇంకో ఎత్తు. ఆచారం పాతదే.

ఇక అంకెల కచ్చితత్వం. ప్రాథమిక పాఠశాల పిల్లాడికి పూటకు పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు అన్నిటికీ కలిపి 2025 మే 1 నుంచి కేంద్రం లెక్క 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరే. గుడ్డు, చిక్కీ రాష్ట్రం ఇస్తుంది. దేశంలో పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. బడి పొయ్యి మీద మాత్రం ఆ చివరి ఎనిమిది పైసలు ఇంకా చెలామణిలో ఉన్నాయి. వంటామె వాటితో కరివేపాకు కొనబోతే అంగడాయన నవ్వి, ఒక రెబ్బ కొసరుగా వేశాడు. ఆ కొసరును ఏ గడిలో ఎక్కించాలని హెడ్మాస్టరు నన్నడిగాడు. ‘దాతల సహకారం’లో వెయ్యమన్నాను. బిల్లు వచ్చేదాకా ఆ అంగడాయన నోటుపుస్తకంలో ఆమె పేరు కింద పెరిగే అప్పును అడిగే గడి మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

పిల్లాడికి ఐదో తరగతి దాకా 100 గ్రాముల బియ్యం, 450 క్యాలరీలు. ఆరులోకి పోగానే 150 గ్రాములు, 700 క్యాలరీలు. ఏప్రిల్‌లో ఐదు పాసైన మా సుబ్బయ్య మనవడి కడుపు వేసవి సెలవుల్లో ఒకటిన్నర రెట్లు పెరిగి, జూన్‌లో బడి తెరిచే రోజుకు తయారుగా ఉండాలన్నమాట. వాడికి ఇంకా చెప్పు సైజే మారలేదు.

బియ్యం సంగతికొస్తే నెల్లూరోళ్ళతో పెట్టుకోకూడదు. మొలగొలుకులు తిన్న జిల్లా ఇది. గింజ చూసి ఏ కయ్యలో పండిందో చెప్పే ముసలాళ్ళు ఇంకా ఉన్నారు. అట్లాంటి చోటికి పోషకాలు కలిపిన బియ్యం వచ్చింది. నూరు కిలోలకు ఒక కిలో లెక్కన ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 దట్టించిన గింజలు కలిపారు. మంచి పనే. రక్తం తక్కువున్న పిల్లలకు కావలసిందే. ఆ గింజలు మాత్రం చూడ్డానికి కొంచెం తేడాగా ఉంటాయి, నీళ్ళలో తేలతాయి. “ఇయ్యేందబ్బయ్యా, ప్లాస్టిక్ బియ్యం కలిపారు” అని వంటామె చేటలో పోసుకుని, ఎండలో కూర్చుని, ఒక్కొక్క గింజా ఏరి పెరట్లోకి విసిరింది. ఎంత ఓపిక! ఆమె అంత జాగ్రత్తగా ఏరిందంతా పిల్లల కోసమే. అది మందు గింజ అని ఆమెకు చెప్పాలన్న గడి ఏ ఫారంలోనూ లేదు మరి. పైన లెక్కల్లో ఇనుము పిల్లలకు చేరిపోయింది. కింద మా ఊరి కోళ్ళకు రక్తహీనత నయమైంది. తర్వాత నేను చెప్పాక ఏరడం మానేసింది గానీ ఇప్పటికీ ఆ గింజల వైపు అనుమానంగానే చూస్తుంది.

ఎంతమంది తిన్నారని అడగడంలో తప్పు లేదు. ఉత్తరప్రదేశ్‌లో 2010లోనే కంప్యూటరు అయ్యవార్లకు రోజూ ఫోను చేసి ‘ఈరోజు ఎంతమంది తిన్నారు?’ అని అడిగే ఏర్పాటు చేశారు. వరసగా సున్నా వస్తే ఆ బళ్ళో పొయ్యి వెలగలేదని లక్నోలో తెలుస్తుంది. అది నిజంగా పనికొచ్చే డేటా, ఇందులో వెటకారం లేదు. నా బాధల్లా ఒక్కటే. ‘ఎంతమంది’ దగ్గరే ఆగిపోయాం. ‘ఎంత’ అని ఎవరూ అడగరు. కంచంలో పడేదాకా ప్రతి గింజకూ లెక్కుంది. కంచంలో నుంచి అది ఎక్కడికి పోయిందో కాకులకు తెలుసు. రాగిజావ పోసిన రోజు వేపచెట్టు మొదట్లో చీమల బారు చూస్తే ఎన్ని గ్లాసులు ఒలికాయో చెప్పొచ్చు. గుడ్డు సంగతైతే ఫొటోలో ప్రతి కంచంలోనూ ఉంటుంది. నాలుగో తరగతి పాప ఒకతి దాన్ని రోజూ జామెట్రీ బాక్సులో పెట్టుకుంటుంది. అమ్మానాయన బెంగుళూరులో బిల్డింగు పనికి పోయారు, ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. బాక్సు మూత పడాలని కోణమానిని తీసేసింది. లెక్క ప్రకారం గుడ్డు ‘తిన్నది’. ఎవరు అన్నది యాప్ అడగలేదు, ఆ పాప అబద్ధమూ చెప్పలేదు.

ఇన్ని చూశాక ఒకరోజు వంటగదిలోకి తొంగిచూసి నేను నిర్ఘాంతపోయాను. పొయ్యి వెనక గోడ నిండా బొగ్గు గీతలు.

వంటామె నాకు వరసకు వదినవుతుంది. చదువు రాదు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. “ఏంది వదినా ఇది?” అంటే మొదట సిగ్గుపడి కొంగుతో తుడవబోయింది. ఆపాను. నిలువు గీత అంటే పిలకాయలు మిగిల్చి బకెట్లో పారేసిన ఒక సోలెడు అన్నం. రోజులకు పేర్లు రాయలేదు గనక బొమ్మలు వేసుకుంది. సోమవారానికి విభూతి మూడు రేఖలు, మంగళవారానికి ఆంజనేయుడి తోక, గురువారానికి సంత గంప, శుక్రవారానికి బొట్టు, శనివారానికి నామం. బుధవారం దగ్గర ఖాళీ. “బుధవారానికి దేవుడెవురో నాకు తెలవదబ్బయ్యా, అందుకని వదిలేసినా.”

గురువారం గంప పక్కన గీతలే గీతలు. ఎందుకంటే, “పక్కూళ్ళో సంత గదా. అవ్వలు పోతా పోతా పిలకాయల చేతిలో పదో పరకో పెడతారు. బోండాలు తినొచ్చి కూర్చుంటే అన్నం ఎట్ల దిగుద్ది? అందుకే ఆ రోజు రెండు సోలలు తగ్గిస్తా.”

సోమవారం విభూతి పక్కన ఒక్క గీతా లేదు. నాలుగు వారాలుగా లేదు. “ఆ రోజు బాగా వండుతావా?” అన్నాను తమాషాగా. ఆమె గంటె కడుగుతూ, “ఆదివారం బడి లేదు గదబ్బయ్యా” అంది. అంతే అంది. ఆ రెండు సోలలు ఆమె సోమవారం ఎసట్లో పోస్తోంది. రిజిస్టరులో సోమవారమూ గురువారమూ తలకు 100 గ్రాములే.

మహానగరాల్లో దీన్ని డాష్‌బోర్డు అంటారు. చల్లటి గదిలో కూర్చుని చూపిస్తే చప్పట్లు కొడతారు. ఆవేశం పట్టలేక ఇంటికొచ్చి ఒక ప్రతిపాదన రాసుకున్నాను: రాష్ట్రమంతటా బకెట్ యాప్. తిన్నాక మిగిలిన బకెట్‌కు ఫొటో, తూకం, ఏ రోజు ఏ వంటకం ఎంత మిగిలిందో పట్టిక. కాకులకు ముఖ గుర్తింపు హాజరు కూడా చేర్చాను. అయ్యవార్లకు పెట్టారు గదా, వాటికేం తక్కువ?

రాత్రి పడుకున్నాక తెలివొచ్చింది. బకెట్‌కు ఫొటో అంటే హెడ్మాస్టరు రోజుకు రెండుసార్లు మేడెక్కాలి. గీతలు ఎక్కువున్న బడికి మెమో వస్తుంది. మెమో వచ్చిన మర్నాటి నుంచీ ‘మిగల్చబాకండి’ అని బెత్తం పట్టుకుని తినిపిస్తారు, లేదంటే ఫొటోకు ముందే బకెట్ చెట్టు వెనక్కి పోతుంది. నెల తిరిగేసరికి రాష్ట్రంలో అన్ని బకెట్లూ ఖాళీ. పైనుంచి కింది దాకా ఒకటే మాట: బాగున్నది. నా రిజిస్టరులో ఉన్నదే ఇంకొంచెం ఖర్చుతో వస్తుంది.

అయినా ఆశ చావక పొద్దున్నే వదిన దగ్గరకు పోయి, “పైకి రాద్దామా, నీ గోడ సంగతి?” అన్నాను.

“రాయబాకబ్బయ్యా. దీనికీ ఫొటో అంటారు.”

రాయలేదు. అయినా ఆ గోడ దక్కలేదు. పోయిన నెల బడికి రంగులు వేయడానికి మనుషులొచ్చారు. వంటగది మసి బారి ఉందని ముందు దాన్నే పట్టుకున్నారు. రెండు పూతలు సున్నం కొట్టి, దాని మీద ‘సమతులాహారం’ అని పెద్ద అక్షరాలతో ఒక గోపురం వేశారు. అందులో ఆపిల్ ఉంది, ద్రాక్ష ఉంది, నెల్లూరు సంతలో నేనెప్పుడూ చూడని ఆకుపచ్చ పువ్వు ఒకటుంది. హెడ్మాస్టరు ముందుకూ వెనక్కూ నడిచి ఫొటో తీశాడు. మొదటిసారికే ఎక్కింది.

వదిన పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తీసుకుని, గోపురం కింద కొంచెం ఖాళీ ఉందేమోనని వంగి చూసింది. అక్కడ ఎర్ర రంగుతో ఏదో రాసుంది. చదివి పెట్టమని నన్నడిగింది.

“గోడలపై రాయరాదు” అని చదివాను.