సామాన్లు చూసుకునేవారికి సెలవుల సలహాలు

వేసవి సెలవులు వచ్చాయంటే ఎక్కడికి పోవాలో, ఏం తినాలో, ఏ పూట ఫొటో దిగితే బాగుంటుందో చెప్పేవాళ్లకు కొదవుండదు. కొత్త దంపతులకు వేరే సలహాలు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు వేరే, కుక్కను వెంటేసుకుని తిరిగేవాళ్లకు కూడా వేరే ఉన్నాయి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల వికలాంగులకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నేను భుజాన వేసుకుంటున్నాను. ఎవరూ అప్పగించని బాధ్యత కాబట్టి దీనికి గడువు లేదు, నివేదిక ఇవ్వాల్సిన పనీ లేదు. ఆ విషయంలో నాకూ ప్రభుత్వ కమిటీకీ పెద్ద తేడా లేదు.

ముందు ఒక అపోహ తొలగించాలి. వికలాంగులు ఇల్లు కదలరని జనం అనుకుంటారు. మా దగ్గర వాళ్లు తిరిగినంత ఎన్నికలప్పుడు అభ్యర్థులు కూడా తిరగరు. మర్రిగూడ మండలంలో బోరు నీళ్లు తాగి వెన్ను వంగిన ఒక పెద్దాయన్ని ఊహించుకోండి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఆయన బోరుకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. ఇప్పుడాయన వంగిన వెన్నును రుజువు చేసుకోవాలి. మొదట సదరం స్లాటు, అంటే వైకల్యం ఎంతో తేల్చే పరీక్షకు తేదీ. అది దొరికిన రోజు ఆటో, బస్సు, మళ్లీ ఆటో, జిల్లా ఆస్పత్రి. అక్కడ మనిషి ఎంత శాతం వంగాడో తేలుస్తారు. 40 వస్తే సర్టిఫికెట్. 39 వస్తే నిటారుగా ఉన్నట్టే. ఆ తర్వాత పింఛను దరఖాస్తుకు మండలాఫీసు, వేలిముద్ర పడని నెల పోస్టాఫీసు, ఎక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. 2023లో 4016 రూపాయలైన పింఛనులో ఈ యాత్రల ఆటో చార్జీలు కలిసి లేవు. తిరగరని ఎవరన్నారండీ? తిప్పినంత కాలం తిరుగుతూనే ఉన్నారు.

సెలవులకు తిరగడం వేరు. దానికి ఎవరూ రమ్మనరు, వెళ్లాక ఎవరూ పర్సెంటేజీ వేయరు. చిక్కల్లా సరదా కోసం వెళ్తున్నామని ఒప్పుకోవాల్సి రావడమే. చంక కర్రల మనిషి ఆస్పత్రికి బయల్దేరితే బస్సంతా జరిగి చోటిస్తుంది. అదే మనిషి "సాగర్ చూడనీకి పోతున్న" అని చెప్పి చూడమనండి. "ఒక్కడివేనా? ఇంత తిప్పలు పడి ఏం చూస్తవే?" అంటారు. మిగతావాళ్లు ఏం చూడ్డానికి వెళ్తున్నారని ఎవరూ అడగరు. కాబట్టి సరదాకు వెళ్తున్నట్టు బయటపడకండి. మొక్కు ఉందని చెప్పండి. మొక్కు అంటే మన దగ్గర ఎదురు ప్రశ్న ఉండదు. కాలు లేనివాడికి కోరిక ఉండకూడదు గానీ మొక్కు ఉండొచ్చు.

ఇక చోటు ఎంచుకోవడం. అక్కడ ఏముందని అడగడం మామూలు యాత్రికుల పద్ధతి. బండి ఎక్కడ ఆగుతుందని అడగడం మన పద్ధతి. ఎందుకంటే మన యాత్ర బండి ఆగిన చోట మొదలై అక్కడే ముగుస్తుంది. పర్యాటక శాఖవాళ్లు కోటల గురించి, జలపాతాల గురించి రాస్తారు గానీ పార్కింగ్ స్థలాల గురించి రాయరు. నా దృష్టిలో అది ఘోరమైన నిర్లక్ష్యం.

భువనగిరి కోటనే తీసుకుందాం. ఐదు వందల అడుగులకు పైగా లేచిన ఒకే ఒక్క గుండు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరే ఊరికి వచ్చిందంటారు. మెట్లెక్కి పైకి పోయినవాడికి కనిపించేది ఊరు. కింద టీ కొట్టు దగ్గర ఆగినవాడికి కనిపించేది గుండు. చూడ్డానికి వచ్చింది గుండునే కాబట్టి ఎక్కినవాళ్లే నష్టపోయారని నా అభిప్రాయం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఇంకో వింత ఉంది. గర్భగుడిలో లింగం వెనక పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. మెట్లు ఎక్కకుండా అంత దూరం చేరింది నాకు తెలిసి ఆ నీడ ఒక్కటే.

నల్లమలలో మల్లెలతీర్థానికి సుమారు 350 మెట్లు దిగాలి. "దిగుడే కదా, ఏమైతది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దిగినవాడు అక్కడే కాపురం పెట్టడన్న సంగతి వాళ్లకు తిరిగొచ్చేటప్పుడు, నూరో మెట్టు మీద రొప్పుతున్నప్పుడు తెలుస్తుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర ఇంకా గట్టిది. రాళ్లూ లోయలూ దాటుకుంటూ జనం "వస్తున్నాం లింగమయ్యా" అని పోతారు, "వెళ్లొస్తాం లింగమయ్యా" అని వస్తారు. బండ్ల దగ్గరే ఉండిపోయినవాళ్లు ఏమనాలో ఇంతవరకు ఎవరూ నిర్ణయించలేదు. "ఈడనే ఉన్నం లింగమయ్యా" అని నేను ప్రతిపాదిస్తున్నాను.

బండి దగ్గర ఉండడమంటే ఊరికే ఉండడం కాదు. కుటుంబ యాత్రలో అదొక పదవి. "నువ్వు ఈడనే కూసో మామా, మేం గిట్ల పోయి గట్ల వస్తం" అంటూ మొదట ఫోన్లు ఇస్తారు. తర్వాత హ్యాండ్‌బ్యాగులు, పులిహోర డబ్బా, తడిసిన తువ్వాళ్లు, నిద్రపోతున్న చంటిది. చెప్పుల స్టాండులో జతకు ఇంతని తీసుకుంటారు, మామ మాత్రం ఉచితం. గిట్ల పోయినవాళ్లు మూడు గంటలకు వస్తారు. వచ్చాక మామకు వీడియో చూపిస్తారు. నీళ్ల చప్పుడులో మాట వినబడదు, ఎండలో స్క్రీన్ కనబడదు. "ఎట్లుందిరా?" అని మామ అడుగుతాడు. "అబ్బ, నువ్వు చూడాల్సింది మామా!" అంటారు. ఈ మాట అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. సాయంత్రం చంటిది లేచే సమయానికి మళ్లీ మీ అవసరం పడుతుంది.

నాగార్జునసాగర్ కాస్త నయం. వరద వచ్చి 26 గేట్లూ ఎత్తిన రోజు చూడాలి. రోడ్డు పొడుగునా కార్లు ఆగిపోతాయి, కాళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ అద్దాల్లోంచే డ్యామ్ చూస్తారు. ఏడాదికి ఆ ఒక్కరోజు మాత్రం మాకు సమానత్వం దొరుకుతుంది, అదీ కృష్ణమ్మ దయ ఉంటేనే. నాగార్జునకొండకు పోవాలంటే మాత్రం లాంచీ ఎక్కాలి. ఒడ్డు కదలదు, లాంచీ ఆగదు, మధ్యలో జానెడు నీళ్లు. అవతల ద్వీపం మీద ఉన్నవి ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ కట్టడాలు. డ్యామ్ నీళ్లలో మునిగిపోతాయని వాటిని విప్పి, పైకి మోసుకొచ్చి, మళ్లీ పేర్చారు. పదిహేడు వందల ఏళ్ల నాటి ఇటుకలను కొండ ఎక్కించిన దేశం మనది. వీల్‌చైర్ అప్పట్లో తవ్వకాల్లో దొరికి ఉంటే దాన్నీ జాగ్రత్తగా ఎక్కించేవాళ్లు. మ్యూజియంలో చూపు లేనివాళ్లకు చెప్పుకోదగ్గ సౌకర్యం "తాకరాదు" అన్న బోర్డు. అది కూడా ఎవరో చదివి చెప్పాలి.

పాలమూరువాళ్లు మొదట పోవాల్సింది పిల్లలమర్రికి. ఏడెనిమిది వందల ఏళ్లదని చెప్పే మర్రిచెట్టు, మూడెకరాలకు పైగా పాకింది. ఊడలే దానికి చంక కర్రలు. చెదలు పట్టి కొమ్మలు విరుగుతున్నాయని 2017 చివర్లో సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు. దేశమంతా పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. నేనూ గర్వపడ్డాను, కొంచెం కుళ్లుకున్నాను. ఆ చెట్టును సదరం స్లాటు బుక్ చేసుకోమని ఎవరూ అనలేదు. ఎంత శాతం చెద పట్టిందో కాగితం తెమ్మనలేదు. ఆధార్ లింకయిందా అని అడగలేదు. సెలైన్ చెట్టు దగ్గరికే వచ్చింది. వికలాంగులు అక్కడికి వెళ్లి, దండం పెట్టుకుని, ఏ అర్హత మీద ఇదంతా సాధించావమ్మా అని అడిగి రావాలి. ఎవరెంత రమ్మన్నా కదలకపోవడమే దాని అర్హతని నా అనుమానం.

చట్టం ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే దీంట్లో 21 ఉన్నాయి. పాత ప్రజా భవనాలన్నిటినీ అందరూ వాడుకునేలా మార్చడానికి, నిబంధనలు వచ్చినప్పటి నుంచి ఐదేళ్ల గడువిచ్చింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. ఐదేళ్లంటే 2022 జూన్. ఆ జూన్‌లో మా దగ్గర వానలు తప్ప కొత్తగా ఏమీ మొదలైనట్టు గుర్తు లేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్లో ఈ సౌకర్యాల సంగతి తీసి చూస్తే, అందులో ఉన్నవి చాలావరకు "ఇలా చేస్తే బాగుంటుంది" అన్న సలహాలేనని తేలింది. తప్పనిసరిగా చేయాల్సినవి మూడు నెలల్లో రాయమని కేంద్రానికి చెప్పింది. అంటే ఏడేళ్లు దేశం సలహాల మీదే నడిచింది. సలహాలు రాసుకునే నాబోటివాడికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

ర్యాంపు లెక్క ఒకటి చెప్పి ముందుకు పోతాను. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలి. రెండడుగుల అరుగు ఎక్కాలంటే 24 అడుగులు. మేస్త్రీకి ఈ మాట చెబితే "అంత జాగ ఏడిది సార్" అని నాలుగడుగుల్లో తేల్చేస్తాడు. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు. వాచ్‌మన్ బండి ఎక్కుతుంది, ఫంక్షన్ రోజు వంటగిన్నెలు దిగుతాయి, పిల్లలు జారుతారు. ఒక్క కట్టడం ఇంతమందికి పనికిరావడం అరుదు కాబట్టి ఫిర్యాదు చేయకండి.

ప్రయాణ సాధనాల గురించి ఎక్కువ చెప్పను. బస్సులో సగం టికెట్. మొదటి మెట్టు మాత్రం పూర్తి ఎత్తు. రైల్లో నడవలేనివాళ్లకు స్లీపర్ చార్జీలో 75 శాతం రాయితీ ఉంది, తోడుగా వచ్చే మనిషికీ అంతే. కాకపోతే తోడు లేకుండా ప్రయాణం చేయలేడని డాక్టరు రాసివ్వాలి. ఒక్కడినే ఎటైనా పోయి రావాలని ముచ్చటపడేవాడు ముందు ఆ ముచ్చట తనకు చేతకాదని సంతకం తెచ్చుకోవాలన్నమాట. వికలాంగుల బోగీ సాధారణంగా రైలుకు ఒక చివరన ఉంటుంది. ప్లాట్‌ఫాం పొడుగునా పరుగెత్తగలిగినవాళ్లే దాన్ని అందుకుంటారు. లోపలికి తొంగి చూస్తే సీట్లలో కూర్చున్నదీ వాళ్లే.

నీళ్ల విషయం చెప్పకపోతే నల్లగొండ గురించి రాసినట్టు కాదు. ఫ్లోరైడ్ లేని నీళ్లిస్తామని 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. నల్లాలు వచ్చాయి, నీళ్లూ వచ్చాయి. కానీ ఊరికి పోయే రోజు ఆ నీళ్లు ముట్టకండి. ముందు రోజు రాత్రి నుంచే ఆపడం మంచిది. దారిలో టాయిలెట్ ఉంటుందా, ఉంటే తాళం ఎవరి దగ్గరుంది, తాళం తీస్తే లోపల బ్లీచింగ్ బస్తాలు, చీపుళ్లు ఉన్నాయా, అవి తీస్తే తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందా అన్న టెన్షన్ కంటే దాహమే నయమని అనుభవజ్ఞులు అంటారు. ఆడవాళ్లయితే పొద్దున టీ కూడా తాగరు. మే నెల ఎండలో నాలుక పిడచకట్టుకుపోయి కూర్చున్నవాళ్లను చూసి "పాపం, ఉపవాసమా?" అంటారు. అవునని చెప్పండి, మొక్కు అబద్ధంతో చక్కగా కలిసిపోతుంది.

ఆఖరున సాయం గురించి. మా ప్రాంతంలో సౌకర్యాలకు కొరతేమో గానీ సాయానికి లేదు. అనుమానముంటే ఏదైనా గుట్ట కింద, మెట్ల దగ్గర, చంక కర్రలు ఆనించుకుని కాసేపు నిలబడి చూడండి. నలుగురు కుర్రాళ్లు వస్తారు. "అన్నా, టెన్షన్ పడకు, మేం ఉన్నం" అంటారు. మీరు నోరు తెరిచేలోపు ఒకడు కర్రలు లాక్కుంటాడు, ఇద్దరు చెరో రెక్క కింద చేయి వేసి లేపుతారు, నాలుగోవాడు ముందు వెనక్కి నడుస్తూ రీల్ తీస్తాడు. పక్కన జనం గోవిందా అంటారు, హరహర అంటారు, ఏ గుట్టకు ఏది తగితే అది. నలభై మెట్లు ఎక్కాక ఊపిరి తీసుకోవడానికి ఆగి, "ఏం మొక్కుకున్నవన్నా?" అని అడుగుతారు.

"మొక్కేం లేదు తమ్మీ. బాత్రూం ఏడుందో అడుగుదామని నిలబడ్డ."

"పైన ఉంటది తియ్యన్నా" అని మళ్లీ లేపుతారు.