అమ్మ పాడే మంగళహారతి

నాన్నగారు పోయాక అమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె మాట్లాడటమే మానేసింది. డాక్టరు కుంగుబాటు అని తేల్చి మందులు రాశారు, సంగీత చికిత్సకు కూడా పంపారు. ఆ మాట బయటికి రాగానే వాట్సాప్‌లో రాగాల జాబితాలు వచ్చి పడ్డాయి. ఈ రాగం నిద్రకు, ఆ రాగం దిగులుకు అని. నేనూ నమ్మి రోజంతా వీణ కచేరీలు వినిపించాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

థెరపిస్టు మాత్రం, "అమ్మగారు ఇంట్లో ఏం పాడేవారు?" అని అడిగింది. సంధ్యవేళ మంగళహారతి పాడేది. ఆ అమ్మాయికి తెలుగు రాదు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన పల్లవిని గిటారు మీద, కింది శ్రుతిలో, అమ్మ ఊపిరి ఎంత మెల్లగా నడుస్తోందో అంత మెల్లగా అందుకుంది. మూడోసారి పాడుతుండగా అమ్మ కుడిచేయి ఒడిలోంచి లేచి, హారతి పళ్లెం తిప్పుతున్నట్టు కదిలింది. నాలుగో వారానికి గొంతు కలిపింది.

మనసు ఉన్నచోటే మొదలుపెట్టి, అక్కడినుంచి మెల్లగా లయ మార్చడం ఈ విద్యలో పాత పద్ధతే. 1940ల్లో మిషిగన్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు ఐరా ఆల్ట్‌షులర్ దీన్ని 'ఐసో' సూత్రం అన్నారు. అమెరికాలో ఈ వృత్తికి డిగ్రీతో పాటు 1,200 గంటల క్లినికల్ శిక్షణ ఉండాలి. కుంగుబాటు మీద 2017లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే సంస్థది) 9 అధ్యయనాలను, 421 మందిని పరిశీలించింది. మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైనప్పుడు లక్షణాలు, కొంతకాలం వరకైనా, ఎక్కువగా తగ్గాయని చెప్పింది. తోడైనప్పుడు అన్న మాట ముఖ్యం. మా అమ్మ మందులు ఒక్కపూట కూడా ఆపలేదు. రాగాలంటే నాకు ప్రాణం. అందుకే వాటిని రోగానికొకటి చొప్పున మందుల చీటీలా పంచిపెడుతుంటే బాధగా ఉంటుంది.

మన తెలుగు సంఘం పండుగ పండుగకూ గాయకులను రప్పిస్తుంది. ఆ ఖర్చులో కొంత తీసి మన పెద్దల పాటలు రికార్డు చేయిద్దాం. మేలుకొలుపులు, పెళ్లిపాటలు, బతుకమ్మ పాటలు, జోలపాటలు, ఏవి దొరికితే అవి. రోమన్ లిపిలో, అర్థంతో సహా రాసి ఊళ్లోని థెరపిస్టుల చేతికిద్దాం. పదేళ్లపాటు కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు సంగీత చికిత్స చదువుతానంటే కాదనకండి.

అమ్మ చెబుతుండగా నేను రాసుకున్న నోటుపుస్తకంలో ఇప్పటికి 14 పాటలున్నాయి. సంఘం తీసుకుంటానంటే వచ్చే సమావేశానికి పట్టుకొస్తాను.