శాలువాలు సరే, క్రెడిట్ల సంగతేంటి?

వేసవి వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల సభలకు అక్కడి నుంచి, అంటే మన రాష్ట్రాల యూనివర్సిటీల నుంచి, వీసీలు (వైస్ ఛాన్సలర్లు) వస్తారు. వేదిక మీద శాలువా, జ్ఞాపిక, ఇక్కడి ఏదో యూనివర్సిటీతో ఎంవోయూ (అవగాహన ఒప్పందం), గ్రూప్ ఫొటో. ఆ ఎంవోయూని ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? విద్యార్థులను ఇచ్చిపుచ్చుకుంటాం, కలిసి పరిశోధన చేస్తాం అని పైన ఘనంగా రాస్తారు. కిందికొచ్చేసరికి నిధులుంటేనే అంటారు, చట్టరీత్యా ఎవరికీ బాధ్యత లేదంటారు. మధ్యలో వీసీ మారితే ఫైలు అటకెక్కుతుంది.

ఇలాంటివి కుదర్చడంలో మనవాళ్లు దిట్టలు. ఇక ఆ పెళ్లిళ్ల పేరయ్య పని మానేద్దాం అంటాను నేను.

నిజంగా నిలబడిన సంబంధాలు వేరేలా మొదలయ్యాయి. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టిన కొత్తలో దానికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడుగా నిలిచింది. ఖర్చు అమెరికా ప్రభుత్వానిది. కాన్సాస్ ప్రొఫెసర్లు హైదరాబాద్ వెళ్లి పనిచేశారు. మనవాళ్లు మాన్‌హాటన్ వెళ్లి పైచదువులు చదువుకొచ్చారు (న్యూయార్క్‌ది కాదు, కాన్సాస్‌లో అదే పేరుతో చిన్న ఊరుంది). ఐఐటీ కాన్పూర్‌కు 1962 నుంచి 1972 దాకా తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థలు కలిసి సాయపడ్డాయి. పదేళ్లు! ఫొటో దిగి వెళ్లిపోతే అయ్యే పని కాదది.

మన కాలంలో చూడాలంటే ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది. కందిలో సొంత క్యాంపస్ కట్టుకునేటప్పుడు జపాన్ అప్పిచ్చింది, కొన్ని భవనాల డిజైన్ జపాన్ ఆర్కిటెక్టులే చేశారు. భవనాలు చూసి అందరూ మురిసిపోతారు గానీ, నాకు అంతకన్నా నచ్చింది స్కాలర్‌షిప్పుల సంగతి. ఐఐటీ హైదరాబాద్‌లో చదివిన పిల్లలు జపాన్ వెళ్లి మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేందుకు జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా డబ్బు పెట్టింది. మనుషులు వెళ్లి కొన్నేళ్లు ఉంటేనే ల్యాబుకీ ల్యాబుకీ మధ్య పరిచయం ముదురుతుంది.

చిన్న కాలేజీలకు జపాన్ అంత అండ ఎక్కడ దొరుకుతుంది అంటారు. నిజమే. కానీ వాటిని దెబ్బతీసేది డబ్బొక్కటే కాదు. మా బంధువులమ్మాయి అక్కడి ఒక కాలేజీ తరఫున ఇక్కడికొచ్చి ఒక సెమిస్టర్ చదివింది. మంచి గ్రేడ్లే వచ్చాయి. తిరిగి వెళ్లాక ఎగ్జామినేషన్ బ్రాంచిలో గుమాస్తా మార్కుల షీటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పేపర్ కోడ్ మన సిలబస్‌లో లేదమ్మా" అన్నాడట. జూనియర్ల పక్కన కూర్చుని ఆ పేపర్లన్నీ మళ్లీ రాసింది పాపం. ఆ గుమాస్తాని తప్పుపట్టలేను, అతనికి ఎవరూ ఏ కాగితమూ పంపలేదు.

పిల్ల విమానం ఎక్కకముందే ఎవరో ఒకరు రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని, ఈ కోర్సు ఆ పేపర్‌కు సరిపోతుంది, ఇక్కడి బి గ్రేడ్ అంటే అక్కడ ఇన్ని మార్కులు అని రాయించి, సంతకం తీసుకుని ఉండాల్సింది. విసుగు పుట్టించే పని. దానికి శాలువా కప్పరు. రూల్స్ పూర్తిగా అడ్డమా అంటే అదీ కాదు. ఇండియాలో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2022 నాటి నిబంధనల ప్రకారం, అర్హత ఉన్న విద్యాసంస్థల్లో ట్విన్నింగ్ పద్ధతిలో (డిగ్రీ అక్కడిదే, కొంత చదువు విదేశంలో) 30 శాతం వరకు క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే కోర్సు యూనిట్లు, విదేశంలో తెచ్చుకోవచ్చు. చాలాచోట్ల లేనిది మనిషే. ఇంటర్నేషనల్ రిలేషన్స్ డైరెక్టర్ అని తలుపు మీద బోర్డు ఉంటుంది, లోపలున్నాయనకు అది అదనపు బాధ్యత.

అందుకే సంఘం నిధి నుంచి ఒక కాలేజీలో ఆ పని చూసే కోఆర్డినేటర్ జీతం ఇద్దాం. ఏటా ఒక యువ లెక్చరర్‌ని ఇక్కడి ల్యాబులో ఆరు నెలలు ఉంచుదాం. వాళ్లు ఉండే చోటంటారా, పిల్లలు డార్మ్‌లకు వెళ్లిపోయి మనలో ఎంతమంది ఇళ్లలో పై గదులు ఖాళీగా లేవు?

ఇంకొకటి. రాకపోకలు రెండు వైపులా ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1998 నుంచి విదేశీ విద్యార్థుల కోసం స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రాం నడుపుతోంది, తెలుగు కూడా నేర్పుతారు. మన పిల్లలేమో స్టడీ అబ్రాడ్ అనగానే స్పెయిన్, ఇటలీ అంటారు. వెళ్లనివ్వండి, తప్పులేదు. కానీ ఒక సెమిస్టర్ గచ్చిబౌలిలో చదువుతానని ఎవరైనా అంటే ముందు బెంబేలెత్తేది మనమే: ఎండలు, ట్రాఫిక్, హాస్టల్ తిండి! మనం పుట్టి పెరిగిన చోటికి మన పిల్లల్నే పంపలేనప్పుడు, అక్కడికి రమ్మని అమెరికన్ ప్రొఫెసర్లను ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?