సవరణ: గెర్బర్ పంపితే సరిపోదు
సర్క్యూట్ బోర్డు (పీసీబీ) డిజైన్‌ని వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇవ్వాలంటే గెర్బర్ ఫైళ్లు చాలని నిన్న రాశాను. తప్పు నాదే. గెర్బర్ అంటే ఫ్యాక్టరీ కోసం తీసే లేయర్ల బొమ్మలు. రాగి గీత కనిపిస్తుంది, సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీద అచ్చయ్యే అక్షరాల లేయర్) మీద ఆర్1 అని రెసిస్టర్ పేరూ ఉండొచ్చు. ఆ రెసిస్టర్ విలువ 10 కిలో ఓమ్‌లా, 100 ఓమ్‌లా అన్నది మాత్రం తేలదు. ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే సర్క్యూట్ పటం, అంటే స్కీమాటిక్, సంగతి సరేసరి, అందులో ఉండనే ఉండదు!

అవతలివాళ్లు మార్పులు చేయాలంటే అసలు ఫైళ్లే ఇవ్వాలి. ఈగిల్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిందైతే స్కీమాటిక్, బోర్డు ఫైళ్లు రెండూ పంపండి. కైక్యాడ్ అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి, 2018లో వచ్చిన 5వ వెర్షన్ మొదలుకుని, ఆ జతని దిగుమతి చేసుకోవచ్చు. ఈగిల్ 6 కంటే పాతదాంట్లో సేవ్ చేసినవైతే ముందు కొత్త ఈగిల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేయండి. దిగుమతయ్యాక కాపర్ జోన్లు (రాగితో నింపే ప్రాంతాలు) తిరిగి నింపి, డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) తప్పకుండా నడపండి. గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కి కలిపిన వెడల్పాటి రాగి ప్రాంతం) ఎక్కడో తెగి ఉంటే బయటపడేది అప్పుడే.